ముందే వేసిన సీలు

ఆకురాయి మేడమ్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. వృత్తి విద్యా పాఠశాలలో ఆమె దగ్గర ఫిట్టర్ పని నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె అరుస్తోందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే, ఎందుకంటే ఆ వర్క్‌షాపు మోతలో అరవకపోతే ఎవరికీ ఏమీ వినబడదు. మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టిందంటే మాత్రం చేతిలో పని అక్కడ పెట్టి నిలబడాలి. ఈ కథ జరిగిన ఏడాది ఆమె దాదాపు ఎప్పుడూ మెల్లగానే మాట్లాడింది.

ఆ పేరు పిల్లలు పెట్టిందే. కొత్తగా చేరిన వాళ్ళని ఆమె మూడు నెలల దాకా యంత్రం ఛాయలకు రానిచ్చేది కాదు. చేతికి ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చేది. ముక్కను వైస్‌లో బిగించి ఆరు వైపులా చదునుగా అరగదీయాలి. తర్వాత మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే సందులోంచి వెలుతురు కనబడకూడదు. కనబడిందా, మళ్ళీ మొదటికి. ఆ ముక్కతో కుస్తీ పట్టలేక ఏడ్చిన వాళ్ళున్నారు, పారిపోయి మర్నాడు తలొంచుకుని తిరిగొచ్చిన వాళ్ళున్నారు. ఆమెకు ఎవరి మీదా జాలి లేదు. తన చదువు రోజుల్లో నలభై మంది మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్లగా అదే ముక్కను పదకొండు రోజులు రుద్దింది. ఇంట్లో గిన్నెలు తోముకోక నీకెందుకమ్మా ఇదంతా అని పళ్ళికిలించిన వాళ్ళు, పన్నెండో రోజు ఆమె ముక్కను కిటికీ దగ్గర పట్టుకు చూసి, కిక్కురుమనకుండా ఎవరి వైస్ దగ్గరకు వాళ్ళు వెళ్ళారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నీటి పంపులు బాగుచేసే షెడ్డులో పనిచేసింది. అక్కడి నుంచి పాఠశాలకు వచ్చి పాతికేళ్ళు.

ఆమెకున్న రెండో పట్టుదల గ్లౌజుల మీద. తిరిగే యంత్రం దగ్గర ఒంటి మీద వేలాడేది ఏదీ ఉండకూడదు. ఉంగరం వద్దు, గడియారం వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, అన్నిటికంటే ముందు గ్లౌజులు వద్దు. చూసేవాళ్ళకు ఇది విడ్డూరంగా ఉంటుంది. గ్లౌజు ఉన్నదే చేతిని కాపాడటానికి అనుకుంటారు. కానీ డ్రిల్లు బిట్టుకు వట్టి చెయ్యి తగిలితే చర్మం గీరుకుపోతుంది, అంతే. గ్లౌజు తగిలితే దాని పోగు బిట్టుకు చుట్టుకుని, లోపలున్న చేతితో సహా లాక్కుపోతుంది. కన్ను మూసి తెరిచేంతలో అయిపోతుంది. దర్జీ పని చేసే ఆమె భర్త, మా ఆవిడ పెళ్ళి ఉంగరం పాతికేళ్ళుగా బీరువాతో కాపురం చేస్తోందని వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఇంతలో కంపెనీ వచ్చింది. గేర్లు తయారుచేసే పెద్ద కంపెనీ. యువ సాంకేతిక ప్రతిభను ప్రోత్సహిస్తామంది. మీ పాఠశాలా మా ఫ్యాక్టరీ చేయీ చేయీ కలుపుదాం, పిల్లలు కొన్నాళ్ళు మీ దగ్గర, ఎక్కువ రోజులు మా దగ్గర నేర్చుకుంటారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తాం, చివర్లో ఉద్యోగాలూ ఇస్తాం అంది. ప్రిన్సిపాల్‌కు అరచేతిలో వైకుంఠం కనబడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఎదుటివాడు కోటు వేసుకుని ఉంటే చాలు, గంగిరెద్దులా తలూపుతాడు, అంతే. ఆ తలూపుడు వల్ల ఎవరికి ఏమైందో మాత్రం ఆయన ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోడు.

వచ్చీ రాగానే కంపెనీ వాళ్ళు వర్క్‌షాపు పక్కనున్న స్టోరు గది ఖాళీ చేయించి, గోడలకు తెల్ల రంగు వేయించి, కంప్యూటర్‌తో నడిచే కొత్త లేత్‌లు రెండు, కొత్త డ్రిల్లు ఒకటి తెచ్చి పెట్టారు. గదికి అద్దాల తలుపు. తలుపుకు తాళం. తాళంచెవి కంపెనీ ట్రైనింగ్ ఆఫీసర్ జేబులో. పెద్దవాళ్ళెవరైనా చూడటానికి వస్తే ఆ రోజు తలుపు తీసి, పిల్లలకు కొత్త చొక్కాలు తొడిగి, యంత్రాల పక్కన నిలబెట్టి ఫోటోలు తీసి, చొక్కాలు విప్పించుకుని మళ్ళీ తాళం వేసుకునేవారు. ఆకురాయి మేడమ్ తాళంచెవి కోసం నాలుగుసార్లు అడిగింది. మొదటిసారి ఇన్సూరెన్స్ అన్నారు. రెండోసారి కరెంటు లోడ్ అన్నారు. మూడోసారి పై ఆఫీసుకు రాశామన్నారు. నాలుగోసారి ట్రైనింగ్ ఆఫీసర్ నవ్వి, మీ పిల్లలు మా ఫ్యాక్టరీలో ఇంతకంటే పెద్ద యంత్రాల మీదే పనిచేస్తున్నారు కదా మేడమ్ అన్నాడు. నున్నగా గీసిన గడ్డం, దానికి తగ్గట్టే నున్నటి మాట.

ఆకురాయి మూడు నెలలు కాస్తా మూడు వారాలైంది. గ్లౌజుల సంగతి ఆమె ఆ మూడు వారాల్లోనే చెప్పింది. చెప్పడమంటే చెప్పింది, అంతే. రోజూ ఎవడో ఒకడు గ్లౌజు మర్చిపోయి వేసుకురావడం, ఆమె పట్టుకుని విప్పించడం, అలా చెయ్యి దానంతటదే ఆగిపోయేదాకా సాగే పని అది. దానికి వ్యవధి లేకుండా పోయింది.

మొదటి ఏడాది చివర ఇరవై మంది శిక్షణ పుస్తకాలు ఆమె బల్ల మీదకు వచ్చాయి. ఆ పుస్తకంలో వారానికో పేజీ. ఏ పని నేర్చుకున్నారో పైన రాయాలి, కింద ఒక పక్క కంపెనీ సీలు, ఇంకో పక్క పాఠశాల తరఫున ఆమె సంతకం. రెండూ ఉంటేనే పరీక్షకు పంపుతారు. పేజీల్లో కంపెనీ వాళ్ళు చక్కటి దస్తూరీతో రాసుకొచ్చారు: డ్రిల్లింగ్, మర కోయడం, లేత్ మీద కడ్డీ తరగడం. ఆమెకు అనుమానం వచ్చింది. ఫ్యాక్టరీకి వెళ్ళి చూసొస్తానంది. పిల్లల ఉద్యోగాలు నోటి దాకా వచ్చాయి, ఇప్పుడు మీనమేషాలు లెక్కపెడితే ఎలా మేడమ్ అని ప్రిన్సిపాల్ బతిమాలాడు. ఆమె పెట్టేసింది. పని చూడకుండా ఆమె జీవితంలో పెట్టిన సంతకాలు అవే.

ఆ ఇరవై మందిలో ఒకణ్ణి అందరూ ఈల అని పిలిచేవారు. పనిచేస్తూ ఈల వేసే అలవాటు. వాడికి అదే కంపెనీలో ఉద్యోగమిచ్చారు. తొమ్మిదో రోజు డ్రిల్లు దగ్గర మనిషి రాలేదు. నువ్వు శిక్షణ పొందినవాడివే కదా వెళ్ళమన్నారు. నిజానికి ఏడాదంతా వాడు చేసిందేమిటంటే, డబ్బాల మీద స్టిక్కర్లు అంటించడం. ఆ ప్యాకింగ్ లైనులో గ్లౌజులు లేకుండా నిలబడితే సూపర్‌వైజర్ తిట్టేవాడు. ఏడాది పాటు తిట్లు తిని వంటబట్టిన అలవాటు కాబట్టి, గ్లౌజులతోనే డ్రిల్లు దగ్గరకు వెళ్ళాడు. కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు పోయాయి.

ఆకురాయి మేడమ్ వాళ్ళింటికి వెళ్ళింది. ఒకే గది, కిటికీ దగ్గర మంచం, ఆ మంచం మీద వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కంపెనీ పంపిన ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టింది. పరిహారం ఇవ్వడం కుదరదు, ఇతను డ్రిల్లు పనిలో పూర్తి శిక్షణ పొందిన వ్యక్తి, జాగ్రత్తలు తెలిసి కూడా సొంత అశ్రద్ధతో ప్రమాదం తెచ్చుకున్నాడు, ఆధారంగా శిక్షణ పుస్తకం పద్నాలుగో పేజీ జతపరుస్తున్నాం అని ఉంది అందులో. జతపరిచిన పేజీ మీద ఆకురాయి మేడమ్ సంతకం, స్పష్టంగా, చుక్కతో సహా ఉంది.

"మీరు నేర్పించారని రాశారు కదమ్మా," అంది ఆ తల్లి. "మావాడే మర్చిపోయాడంటున్నారు వాళ్ళు. వాడు ఏదీ మర్చిపోయే రకం కాదే."

ఆకురాయి మేడమ్ ఆ ఉత్తరం మడిచి తిరిగి ఆమె చేతిలో పెట్టింది. ఇంటికి వచ్చి భర్త కుట్టు మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆయన ఆ రోజు ఏ హాస్యమూ ఆడలేదు. ఆ పూట మొదలైన కోపం ఆమెను మళ్ళీ వదల్లేదు. కంపెనీ మీద ఎంతుందో, తన కుడిచేతి మీద అంత ఉంది. కలం పట్టుకున్నప్పుడల్లా ఆ చేతిని చాచి కొట్టాలనిపించేది.

రెండో ఏడాది ఇరవై రెండు మంది. వాళ్ళను ఫ్యాక్టరీకి పంపవద్దని ఆమె ప్రిన్సిపాల్‌కు రాసి ఇచ్చింది. ఒప్పందం అయిపోయిందన్నాడు ఆయన. యంత్రం పని నేర్పుతున్నారో లేదో వెళ్ళి చూస్తానంది. గేటు దగ్గర ఆపేశారు. పిల్లలను అడిగితే, బాగానే ఉంది మేడమ్ అని నీళ్ళు నమిలారు. స్టైపెండ్ పోతుందేమోనని వాళ్ళ భయం. అలా ఏడాది గడిచింది. చివర్లో ఒక సోమవారం పొద్దున ఇరవై రెండు పుస్తకాలున్న అట్టపెట్టె వచ్చింది.

పుస్తకం తెరిచి ఆమె ఒక పేజీ చూసింది, ఇంకో పేజీ చూసింది, చివరి దాకా తిప్పింది. పేజీలన్నీ ఖాళీ. కింద మాత్రం వారం వారం కంపెనీ సీలు, ట్రైనింగ్ ఆఫీసర్ సంతకం. ఇరవై రెండు పుస్తకాలూ అంతే. పైన ఒక చీటీ: రాయడానికి మావాళ్ళకు తీరిక లేదు, పోయినేడాది పుస్తకాలు చూసి మీరే నింపేసుకోండి, శుక్రవారం ప్రతిభా దినోత్సవం నాటికి పూర్తవ్వాలి.

ఆమె పెట్టె తీసుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. ఆయన బహుమతి ప్రదానానికి ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో కాగితం మీద గీసుకుంటున్నాడు. ఖాళీ పేజీలు చూసి, ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు.

"నింపి ఇచ్చెయ్యండి మేడమ్. మీరు రాయకపోతే పిల్లలకి పరీక్ష ఉండదు. వాళ్ళ ఏడాది పాడవుతుంది."

"రాస్తానండి," అందామె, చాలా మెల్లగా. "ఈ సాయంత్రానికి అన్నీ రాసేస్తాను."

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పాతికేళ్ళ పరిచయంలో ఆ గొంతు దేనికి గుర్తో తెలుసుకోకపోవడం ఆయన ఖర్మ.

వర్క్‌షాపులో ఆమె యంత్రాలన్నీ ఆపించి, ఇరవై రెండు మందినీ బల్ల చుట్టూ నిలబెట్టింది. పుస్తకం తెరిచి కలం మూత తీసింది. ఏ వారం ఏం చేశారో చెప్పండి, మీరు చెప్పిందే రాస్తాను అంది. వెనక నుంచి ఒకడు, స్టిక్కర్లు అంటించానండీ అన్నాడు. ఆమె రాసింది: స్టిక్కర్లు అంటించడం. తర్వాతి వారం? అదేనండీ. ఆ తర్వాత? ఆ వారం ప్రమోషన్ మేడమ్, డబ్బాలకి టేపు వేశాను. అందరూ గొల్లుమన్నారు. ఒకడు బోల్టులు లెక్కపెట్టాడు. ఒకడు నలభై వారాల్లో పదకొండు వారాలు నేల తుడిచాడు. ఇంకొకడు సూపర్‌వైజర్ కారు కడిగానన్నాడు. అదీ రాయమంటారా మేడమ్ అని అడిగాడు. రాసింది. ఏ రంగు కారో కూడా రాసింది. పుస్తకాలు ఒక్కొక్కటే పూర్తవుతున్న కొద్దీ నవ్వులు తగ్గాయి. నలభై వారాల పాటు ఎవరికి వాళ్ళే, నా ఒక్కడికే ఇలా అయిందేమో అనుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఇరవై రెండు మంది బతుకూ ఒకటే సిరాతో బల్ల మీద కనబడింది.

తొమ్మిదో పుస్తకం పొడుగమ్మాయిది. బ్యాచ్‌లో అందరికంటే పనిమంతురాలు. ఆ మూడు వారాల్లోనే వెలుతురు దూరకుండా ముక్క తయారుచేసిన పిల్ల. శుక్రవారం ఉత్తమ ప్రతిభ బహుమతి ఆమెకే, ఉద్యోగం కాగితం కూడా ఆ వేదిక మీదే ఇస్తామన్నారు. ఆమె తన పుస్తకం మీద చెయ్యి వేసి తీయలేదు.

"నాది అలా రాయకండి మేడమ్. డ్రిల్లింగ్ అని రాయండి. పోయినేడాది అందరికీ రాశారు కదా, మాకెందుకు రాయరు? మీకు ఉద్యోగం ఉంది. మాకు లేదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"సరేనమ్మా," అంది ఆకురాయి మేడమ్. "డ్రిల్లింగ్ అనే రాస్తాను. అదిగో పాత డ్రిల్లు. బిట్టు బిగించి, ఈ పలకకి ఒక్క రంధ్రం వేసి చూపించు. చాలు."

పొడుగమ్మాయి విసురుగా డ్రిల్లు దగ్గరకు నడిచింది. తెలివైన పిల్ల, ఎవరూ చెప్పకుండానే పలకను సరిగ్గా బిగించింది. బిట్టు కూడా తడుముకోకుండా బిగించింది. స్విచ్ మీద చెయ్యి వేయబోతూ ఆగి, ప్యాంటు జేబులోంచి తెల్ల గ్లౌజుల జత తీసి, రెండు చేతులకూ తొడుక్కుంది. వేళ్ళ సందులు సర్దుకుంది. స్విచ్ నొక్కింది.

మోటారు తిరగలేదు. ఆకురాయి మేడమ్ ముందే గోడ దగ్గరకు వెళ్ళి మెయిన్ స్విచ్ దింపేసి నిలబడి ఉంది.

పొడుగమ్మాయి మెయిన్ వైపు చూసింది, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. ఈల ఎవరో, వాడికి ఏమైందో ఆ పాఠశాలలో తెలియని వాళ్ళు లేరు. ఆమెకూ తెలుసు. తెలిసినా చేతులకు తెలియలేదు. గ్లౌజులు లాగి నేలకేసి కొట్టింది. తిరిగి వచ్చి, పుస్తకాన్ని తనే మేడమ్ ముందుకు తోసింది. మొదటి వారం నుంచి చెప్పడం మొదలుపెట్టింది. కోపంగానే, కానీ ఒక్క వారం కూడా వదలకుండా చెప్పింది: స్టిక్కర్లు, స్టిక్కర్లు, టేపు, స్టిక్కర్లు, ఫోటో కోసం కొత్త యంత్రం పక్కన నిలబడటం, స్టిక్కర్లు.

మధ్యాహ్నం మూడింటికి రాత పూర్తయింది. ప్రతి పేజీలో నిజం, ఒక పక్క ముందే వేసిన కంపెనీ సీలు, ఇంకో పక్క ఆకురాయి మేడమ్ సంతకం. ఇరవై రెండు పుస్తకాలూ తాడుతో కట్టి ఆమె పరీక్షల కార్యాలయానికి వెళ్ళే బస్సు కోసం బయటకు వస్తుంటే, గేటు దగ్గర ట్రైనింగ్ ఆఫీసర్ కారు దిగుతూ ఎదురయ్యాడు. బహుమతి కప్పు చూపించడానికి తెచ్చాడట. పై పుస్తకం తెరిచి రెండు పేజీలు చదివేసరికి ముఖం కందగడ్డైంది.

"మా కంపెనీ సీలు ఉన్న కాగితం మీద ఇలాంటివి రాస్తారా మీరు? కోర్టుకి లాగుతాం."

"సీలు మీరు వేసిందే కదండీ," అందామె. ఆమె ఏమందో వినడానికి అతను ముందుకు వంగాల్సి వచ్చింది. "రాసింది చూసుకుని వెయ్యాల్సింది. నేనూ పోయినేడాది చూడకుండానే పెట్టాను. దాని ఖరీదెంతో మీకు తెలియలేదు, నాకు తెలిసింది. దారి వదలండి, బస్సొస్తోంది."

పరీక్షల కార్యాలయంలో అధికారి పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. మొదటి పుస్తకం చదువుతూ కారు కడగడం దగ్గర నవ్వాడు. మూడో పుస్తకానికి నవ్వు మానేశాడు. పదో పుస్తకం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇక మిగతావి చదవనక్కర్లేదన్నాడు, తను చేయగలిగింది చెప్పాడు. ఈ బ్యాచ్‌కు పరీక్ష ఆరు నెలలు వాయిదా వేస్తాడు. ఆ ఆరు నెలలూ పిల్లలకు పాఠశాలలోనే యంత్రాల మీద పని నేర్పాలి. ఆ తాళం వేసిన గది వారంలోగా తెరవాలి, లేదంటే ఒప్పందం రద్దుకు పైకి రాస్తాడు. ఆకురాయి మేడమ్ తలూపి లేవబోయింది. ఆయన చెయ్యెత్తి కూర్చోమన్నాడు.

"ఒక్క మాటమ్మా. పోయినేడాది పుస్తకాలు కూడా ఇదే కంపెనీవి, మీ సంతకంతోనే వచ్చాయి. వాళ్ళు రేపు వాటినే పట్టుకొస్తారు. అవి సరైనవేనా?"

ఆ ప్రశ్నకు ఒకే ఒక్క తేలిక జవాబుంది. సరైనవేనండి అంటే ఆమె ఉద్యోగం ఉంటుంది, మూడేళ్ళలో పెన్షన్ ఉంటుంది, కంపెనీ ఉత్తరానికి జతపరిచిన పద్నాలుగో పేజీ కూడా అలాగే చెల్లుతుంది, ఈలకు పరిహారం రాదు.

"కావండి. ఇరవై పుస్తకాలూ అబద్ధం. నేను చూడకుండా సంతకం పెట్టాను. రాసుకోండి."

పెద్దాయన కలం తీయలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆలోచించుకుని చెప్పండి. ఇది కాగితం మీదకెక్కితే మీ ఉద్యోగం ఉండదు. ఎవరూ మిమ్మల్ని కాపాడలేరు."

ఆకురాయి మేడమ్ కాగితాల దొంతరలోంచి ఒక తెల్ల కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఇప్పుడు ఆమె గొంతు వర్క్‌షాపులో పలికినంత గట్టిగా పలికింది. పక్క గదిలోని గుమాస్తాలు తలలెత్తి చూశారు.

"ఆ ఇరవై మందిలో ఒక కుర్రాడికి రెండు వేళ్ళు లేవండి. రాసుకోండి."